పిస్టల్ గురి కుదిరితే పోలీసు ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటోంది. ఎస్సై అవుతానంటోంది. సొంత పిస్టల్‌కి రెండు లక్షల దాకా అవుతుందట. అప్పు చేసి కొంటే ఉద్యోగానికి పనికొస్తుందా? (ఒక తండ్రి, నల్గొండ)

జవాబు: అప్పు మాత్రం చేయకండి. ఆ మాట ముందు చెప్పేసి మిగతాది మాట్లాడతాను.

ఎస్సై ఎంపికలో తుపాకీ పేల్చి చూపించే పరీక్షే లేదండీ. తెలంగాణ 2022 నోటిఫికేషన్ చూడండి. ప్రిలిమ్స్ గట్టెక్కిన అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు దూకాలి, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు విసరాలి. ఆ తర్వాత మెయిన్స్. కదలకుండా నిలబడే ఆట నేర్చుకుంటున్న పిల్లకు ఈ ఈవెంట్సే అడ్డం పడొచ్చు. ఎస్సైకి డిగ్రీ, 21 ఏళ్లు కావాలి కాబట్టి టైముంది. పరుగు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించండి.

స్పోర్ట్స్ కోటా ఉంది కదా అంటారు. నిజమే. అయితే అకాడమీ ఇచ్చే పతకాలు అక్కడ లెక్కలోకి రావు, గుర్తింపు ఉన్న జాతీయ స్థాయి పోటీలు ఆడాలి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే సీనియర్ జాతీయ టైటిల్ గెలిచింది. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఇదే ఆటలో మను భాకర్ క్వాలిఫికేషన్ (ఫైనల్‌కి ముందు రౌండ్) స్కోరు 600కి 580. మీ అమ్మాయి పోటీల్లో, ప్రాక్టీసులో కాదు, ఎంత కొడుతోందో కోచ్‌ని అడగండి. కోటా మీద ఆశ పెట్టుకోవచ్చో లేదో ఆ అంకె చెబుతుంది. అప్పటిదాకా అకాడమీ పిస్టల్ చాలు.

ఇక ఈ ఆట పోలీసు పనికి ఎంత దగ్గర అన్నది అసలు విషయం. చేతిలో పట్టేదే వేరు. ఎయిర్ పిస్టల్‌ని ఒంటిచేత్తో పట్టుకుంటారు, ట్రిగ్గర్ అరకిలో బరువుకే కదులుతుంది. టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 60 షాట్లకు 75 నిమిషాల టైము. మన పోలీసులు వాడే గ్లాక్ పిస్టల్ ట్రిగ్గర్‌కి రెండున్నర కిలోల దాకా బలం కావాలి. దాన్ని రెండు చేతులతో పట్టుకోవాలి, ఎదురుగా కాగితం ఉండదు, మనిషి ఉంటాడు.

చూపు కూడా మారుతుంది. షూటర్‌కి మొదట నేర్పేది ఫ్రంట్ సైట్ (గురి చూడడానికి పిస్టల్ ముందు కొసన ఉండే గుర్తు) మీద కన్ను నిలపడం. జోన్ వికర్స్, బిల్ లెవిన్‌స్కీ 2012లో ప్రచురించిన పరిశోధనలో ఆరితేరిన పోలీసులనీ, కొత్తవాళ్లనీ పోల్చారు. ఆ పరీక్షలో ఎదుటి మనిషి తీసేది ఒక్కోసారి తుపాకీ, ఒక్కోసారి సెల్‌ఫోన్. కొత్తవాళ్లు చివరి క్షణంలో చూపు తమ తుపాకీ మీదికి తిప్పారు, ఫోన్ తీసినప్పుడు సగానికి పైగా సార్లు కాల్చేశారు. అనుభవజ్ఞులు ఎదుటివాడి మీదే చూపు నిలిపారు, వాళ్లలో ఆ తప్పు ఐదోవంతు కూడా లేదు. రేంజ్‌లో, అంటే షూటింగ్ ప్రాక్టీసు చేసే చోట, ఎన్నేళ్లు కొట్టినా ఈ నిర్ణయం అలవడదు. అది ఉద్యోగంలో చేరాక శిక్షణలో నేర్చుకోవాల్సిందే.

మరి రెండేళ్ల కష్టం వృథానా? నేనలా అనను. రేంజ్‌కి వెళ్లి మీ అమ్మాయిని ఓ అరగంట గమనించండి. చెయ్యి లేపుతుంది, గురి చూస్తుంది, పేల్చకుండానే దించేస్తుంది. ఊపిరి తీసుకుని మళ్లీ లేపుతుంది. గురి నిలకడగా లేదనిపిస్తే ఆగిపోవడం ఈ ఆటలో కష్టపడి నేర్చుకునే విద్య. వేలు ట్రిగ్గర్ మీద ఉండి కూడా వద్దనుకోగలగడం. ఒంటి మీద యూనిఫాం ఉన్న మనిషికి ఇంతకన్నా అవసరమైనది నాకు తోచదు. అందుకే ఆట మాన్పించమని చెప్పలేకపోతున్నాను.

ఉద్యోగం వచ్చాక ఆడడానికీ దారి ఉంది. పోలీసులకు అఖిల భారత స్థాయిలో షూటింగ్ పోటీలు జరుగుతాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో రజతం తెచ్చిన విజయ్ కుమార్ ఆర్మీలో చేరాకే షూటర్ అయ్యారు.

వారంలో మూడు రోజులు రేంజ్, రోజూ పొద్దున పరుగు, సాయంత్రం ఇంటర్ చదువు. ఈ ఏడాది ఇలా నడవనివ్వండి. రాష్ట్ర పోటీల స్కోరు వచ్చాక మళ్లీ రాయండి, పిస్టల్ సంగతి అప్పుడు చూద్దాం.