పంపు స్టౌ టాంకీతో అమ్మవారి ప్రభ

ప్రశ్న: మా అమ్మ పోయి ఏడాదైంది. ఇల్లు సర్దుతుంటే అటక మీద ఇత్తడి పంపు స్టౌ, చిల్లు పడ్డ రెండు చెంబులు, గంజి వార్చే ఇత్తడి సిబ్బి, నాన్నగారి సైకిల్ బెల్లు, ఒక గుత్తి తాళంచెవులు దొరికాయి. తుక్కు కొట్టుకి పట్టుకెళ్తే అన్నీ కలిపి తూకం వేసి ధర చెప్పాడు. ఇవ్వబుద్ధి కాక తిరిగి తెచ్చేశాను. వీటితో దేవుడి గదిలో కనకమహాలక్ష్మి అమ్మవారి పటానికి వెనక అలంకారం చేద్దామని ఉంది. వంటింటి తుక్కు దేవుడి దగ్గర పెట్టకూడదని అత్తగారు అంటున్నారు. వెల్డింగ్ చేయించాలా? మా ఇల్లు సముద్రానికి దగ్గర, నల్లబడిపోతుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ముందు మీ అత్తగారి మాట చూద్దామమ్మా. అది కొట్టిపారేసే సందేహం కాదు. మసి పట్టిన సామాను దేవుడి దగ్గరికి తేవడానికి ఎవరైనా వెనకాడతారు. కానీ ఇత్తడి విషయంలో మన ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది. చిల్లుపడ్డ బిందె, సొట్టపోయిన చెంబు కంచరివాళ్ళకి ఇస్తే కరిగించి, దాంతోనే దీపపు కుందో గంటో పోసేవారు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఈ ఇత్తడి, కంచు పనికే పేరుపడ్డ ఊరు. మీ పూజ గదిలో మోగే గంట ఒకప్పుడు ఎవరింటి చెంబో ఏం తెలుసు? మెక్సికోలో తగరం పూత రేకుతో దేవుడి గూళ్ళు చేసుకుంటారు, ‘నిచో’ అంటారు వాటిని. అక్కడ మొక్కు తీరిన వాళ్ళు లోహంతో చేసిన చిన్న కళ్ళు, చేతులు, కాళ్ళు తెచ్చి స్వామి దగ్గర తగిలిస్తారు. మనవాళ్ళు వెండి కళ్ళు సమర్పించుకున్నట్టే. పని పూర్తయ్యాక పసుపునీళ్ళతో కడిగి, మొదటి బొట్టు అత్తగారి చేతే పెట్టించండి.

మన విశాఖ బురుజుపేట గుడిలో అమ్మవారి మీద పైకప్పు లేదు కదా. ఎండా వానా అన్నీ ఆ తల్లి మీదే. అందుకని పటానికి పైన గోపురం, గొడుగు లాంటివి పెట్టకండి. వెనక గుండ్రటి ప్రభ ఒక్కటి చాలు.

ఆ ప్రభ మీ స్టౌలోనే ఉంది. టాంకీని అడ్డంగా కోస్తే పైభాగం గిన్నె బోర్లించినట్టు ఉబ్బెత్తుగా వస్తుంది. మధ్యలో బర్నర్ గొట్టం ఉన్న రంధ్రం, ఓ పక్క కిరోసిన్ పోసే మూత. మా అమ్మ స్టౌతో నేనూ ఇలాగే చేశాను. పైన మసి పెచ్చుకట్టి ఉంది. చెక్కముక్కతో గీకుతుంటే ముందు గోధుమరంగు, తర్వాత ఒక్కసారిగా పసుపు తేలింది. మూత పక్కన బొటనవేలంత సొట్ట ఉంది. చిన్నప్పుడు ఆ స్టౌని గట్టు మీంచి పడేసింది నేనే. దాన్ని సరిచెయ్యబుద్ధి కాలేదు. ఇప్పటికీ దీపం వెలిగిస్తే వెలుగు ముందు ఆ గుంటలోనే నిలబడుతుంది. మీ సామానులో కూడా సొట్టలు, అరిగిన అంచులు, చెక్కిన పేర్లు ఉంటే ముట్టుకోకండి. అన్నీ తీసేసి నున్నగా మెరిపిస్తే కొట్లో కొన్న ఇత్తడికీ దీనికీ తేడా ఉండదు.

కోసేముందు ఒక హెచ్చరిక. ఎన్నేళ్ళ నాటిదైనా సరే, టాంకీలో కిరోసిన్ ఆవిరి మిగిలే ఉండొచ్చు. మంట చూపించొద్దు, గ్రైండర్ పెట్టించొద్దు. మూతలన్నీ విప్పి, సబ్బునీళ్ళు నింపి కుదిపి పారబోయండి, వాసన పోయేదాకా. తర్వాత నిండా మంచినీళ్ళు పోసి ఒక రోజు ఉంచి, వంచేసి, హ్యాక్సా బ్లేడుతో చేత్తోనే నెమ్మదిగా కోయాలి. కోసిన అంచుని ఆకురాయితో రాయకపోతే వేళ్ళు తెగుతాయి.

వెల్డింగ్ మాత్రం వద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. వెల్డింగ్ వేడికి జింకు పొగై పోతుంది, రంగు పాడవుతుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు వణుకు పుడుతుంది. అంతకన్నా పెద్ద కారణం మన ఊరి గాలి. ఇక్కడ ఏ ఇత్తడైనా మళ్ళీ మళ్ళీ తోముకోవలసిందే. అందుకే దేనికది విడదీసేలా కట్టుకోవాలి. ఈ విషయం నేను నష్టపోయి తెలుసుకున్నాను.

నేను మొదట చేసిన ప్రభని టేకు చెక్కకి ఇనుప స్క్రూలతో బిగించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి ఉప్పునీటి జల్లు దేవుడి గదిలోకి కొట్టింది. కరెంటు లేదు, ఎవరూ అటు చూడలేదు. తీరా చూసేసరికి ప్రతి స్క్రూ నుంచీ తుప్పు చారలు కారి ఇత్తడి మీద ఎండిపోయి ఉన్నాయి. స్క్రూ తలలు గోరుతో గీకితే పొడిపొడిగా రాలిపోయాయి. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా బతికినవాణ్ణి, నాకు ముందే తట్టాల్సింది. ఇనుము, ఇత్తడి ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పు తేమలో ఉంటే ఇనుము తొందరగా తినేసుకుపోతుంది. ఓడకి కంచు ప్రొపెల్లర్ దగ్గర ఉక్కు అడుగుభాగాన్ని తుప్పు తినేయకుండా జింకు దిమ్మలు బిగించేది అందుకే. ముందు జింకు అరుగుతుంది, ఓడ నిలుస్తుంది. పూజ గదిలో జింకు దిమ్మలు పెట్టలేం కాబట్టి ఇనుముని ఇత్తడికి తగలనివ్వకూడదు.

మీ సామాను మొత్తానికి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుమే, పైన ఎంత పసుపుగా ఉన్నా. బెల్లు మూత, తాళంచెవుల్లో కొన్ని అలా తేలొచ్చు. వాటిని పారేయక్కర్లేదు. తాళంచెవులని పట్టుదారంతో ప్రభ కింద విడిగా వేలాడదీయండి, పటానికి గజ్జెల్లా ఉంటాయి. ఇత్తడివి ఇత్తడి స్క్రూలతోనో రాగి తీగతోనో కట్టండి. పల్చటి రేకుకి చిల్లు పెట్టేటప్పుడు డ్రిల్ బిట్ పట్టేసి రేకు గిర్రున తిరుగుతుంది, అరచెయ్యి కోసుకుపోతుంది. రెండు చెక్కముక్కల మధ్య రేకుని బిగించాకే డ్రిల్ ఆన్ చెయ్యండి.

సిబ్బిని ప్రభకి వెనక కాస్త ఎడంగా పెట్టి, దాని వెనక చిన్న ఎల్‌ఈడీ బల్బు ఒకటి పెట్టండి. చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా బయటికి వస్తుంది. మీ అమ్మగారు ఎన్ని వేల పూటలు గంజి వార్చి ఉంటారు దాంతో! నాకైతే ఈ మొత్తంలో అదే అన్నిటికన్నా విలువైనది. అక్కడ నూనె దీపం మాత్రం పెట్టకండి, ప్రభని బిగించే చెక్క వెనకాలే ఉంటుంది.

చిలుముకి చింతపండు గుజ్జే మందు, దాని పులుపు చిలుముని కరిగిస్తుంది. చాలామంది ఉప్పు కూడా కలిపి తోముతారు. మన ఊళ్ళో వద్దు, గాలిలో ఉన్నది చాలు. బాగా కడిగి, మడతల్లో తడి లేకుండా గుడ్డతో ఒత్తి, ఎండలో పెట్టి, పల్చగా తేనెమైనం రుద్దండి. దీపం సెగ తగిలే చోట మైనం రాయొద్దు. చెంబుల లోపల తెల్లటి కళాయి (తగరం పూత) మిగిలి ఉంటే గీకకండి. చెంబు కోసిన రేకుని తిరగేసి ఆ తెల్లటి వైపు పైకి పెడితే పసుపు ప్రభకి పక్కన చందమామలా ఉంటుంది.

రోజుకి ఒక గంట చొప్పున చేసుకున్నా మార్గశిర గురువారాలకి సిద్ధం చేసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి పాత జీఐ పైపు ముక్కలు, క్రోమ్ పూత ఉన్న బైకు సామానుతో తులసికోట ముందు దీపస్తంభం చేస్తానంటున్నాడు. ఇంట్లోనే వెల్డింగ్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇంట్లో వద్దు. జీఐ పైపు మీద ఉన్నది జింకు పూతే, పైన చెప్పిన పొగే వస్తుంది. క్రోమ్ పూతని గ్రైండర్‌తో లేపితే ఆ ధూళి ఊపిరితిత్తులకి ఇంకా చెడ్డది. పైపు ముక్కలకి మరలు కోయించి, సాకెట్లతో ఒకదాని మీద ఒకటి బిగించమనండి. క్రోమ్ ముక్కలు ఎలా ఉన్నవి అలాగే బోల్టులతో తగిలిస్తే చాలు. దీపం పెట్టే చోట మాత్రం ఒక మట్టి ప్రమిద ఉంచండి, వేడి పూతకి తగలదు.