మారథాన్ ప్లాన్ మధ్యలో పది కిలోమీటర్ల పోటీ వస్తే?

ప్రశ్న: మేడమ్, నా వయసు 38. మొదటి మారథాన్‌కి తయారవుతున్నాను. 4 గంటల 15 నిమిషాల్లో పూర్తి చేయాలని కోరిక. దానికి సరిగ్గా ఆరు వారాల ముందు, ఒక ఆదివారం 10 కిలోమీటర్ల రోడ్డు పోటీ ఉంది. స్నేహితులంతా పేర్లిచ్చారు, నేనూ ఇచ్చేశాను. తీరా చూస్తే నా ప్లాన్‌లో ఆ రోజు 28 కిలోమీటర్ల లాంగ్ రన్ ఉంది. పోటీ అయిపోగానే ఇంకో 18 కలిపేస్తే రెండూ అయిపోతాయి కదా? అలా వేగంగా పరిగెత్తితే మారథాన్ కోసం అలవాటు చేసుకున్న నిదానం చెడుతుందా? ఈ మధ్య ఒక్కదాన్నే 10 కిలోమీటర్లు 56 నిమిషాల్లో పరిగెత్తాను.
– ఒక పాఠకురాలు

జవాబు: పోటీకి తప్పకుండా వెళ్లండి. ఆ 18 మాత్రం కలపకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు అడిగిన పనే నేను చేశాను. నా రెండో మారథాన్‌కి ఏడు వారాల ముందు 10 కిలోమీటర్ల పోటీలో ఉన్న సత్తువంతా పెట్టి పరిగెత్తాను. ప్లాన్ కాగితంలో ఆ ఆదివారం గడి ఖాళీగా ఉండకూడదని, మెడలో మెడల్ తీయకుండానే మళ్లీ బయల్దేరాను. నాలుగైదు కిలోమీటర్లు ఉత్సాహంలో ఏమీ తెలియలేదు. తర్వాత కుడి పిక్క తాడు మెలిపెట్టినట్టు బిగుసుకుంది. ఆగి, కాలు సాగదీసి మళ్లీ పరిగెత్తాను. కుడికాలు పూర్తిగా మోపలేక బరువంతా ఎడమకాలి మీద వేస్తూ ఆ 18 ముగించాను. మర్నాడు గోడ పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేకపోయాను. 16 రోజులు పరుగు లేదు. ఒక లాంగ్ రన్ దక్కించుకోబోయి రెండు పోగొట్టుకున్నాను.

పోటీ వేగంతో పది కిలోమీటర్లు అయ్యేసరికి కండరాలు బాగా అలిసిపోయి ఉంటాయి. అలిసిన కాలు అడుగు వేసే తీరు మారిపోతుంది. ఆ మారిన తీరుతోనే రెండు గంటలు పరిగెత్తితే అంతవరకూ పని పడని చోట భారం పడుతుంది. అందుకే మీ 28ని పై ఆదివారానికి జరపండి. అప్పటికి మారథాన్‌కి ఐదు వారాలుంటుంది, ఏమీ మించిపోదు.

నిదానం చెడుతుందన్న భయం అక్కర్లేదు. 42.2 కిలోమీటర్ల మారథాన్‌ని 4:15లో ముగించడమంటే కిలోమీటరుకి 6 నిమిషాల 3 సెకన్లు. పోటీలో మీరు 5:25 దగ్గర పరిగెత్తగలరు. ఆ వేగాన్ని దాదాపు గంటసేపు మోశాక 6:03 కాళ్లకి తేలిగ్గా తోస్తుంది. గంటపాటు నిలబెట్టుకోగల గరిష్ఠ వేగానికి దగ్గరగా చేసే పరుగునే టెంపో అంటున్నాం కదా, మీకు ఈ పోటీయే ఆ వారం టెంపో. ప్లాన్‌లో ఉన్న టెంపో కొట్టేయండి. ఇంటర్వెల్స్, అంటే మధ్యమధ్య విరామమిస్తూ తీసే వేగపు పరుగులు కూడా వద్దు.

ఇది ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. పోటీకి ముందు 8 కిలోమీటర్లు మెల్లగా పరిగెత్తి, పోటీలో పదీ కిలోమీటరుకి 6:03 చొప్పునే పరిగెత్తి ఆపేయడం. మంచి శిక్షణే. కానీ పక్కన అందరూ దాటిపోతుంటే పట్టు నిలుపుకోవడం చాలా కష్టం. చొక్కాకి బిబ్ (పోటీ నంబరు కాగితం) పిన్నులు పెట్టుకునే ముందే ఏ దారో తేల్చుకోండి. స్టార్ట్ లైన్ దగ్గర మనసు మార్చుకోకండి. నన్నడిగితే మీరు మనస్ఫూర్తిగా పోటీపడాలనే అంటాను, ఎందుకంటే మొదటి మారథాన్ పరిగెత్తేవాళ్లకి పోటీ రోజు ఉదయం ఎలా ఉంటుందో తెలియాలి. ఎన్నింటికి లేవాలి, ఏం తింటే కడుపు ఇబ్బంది పెట్టదు, ఏ మేజోడు రాస్తుంది, గుంపులో ఊపిరి ఎలా కుదుర్చుకోవాలి అన్నవి ఒంటరి లాంగ్ రన్‌లో తెలిసేవి కావు.

పోటీ చిన్నదయ్యేకొద్దీ వార్మప్ పెద్దదవ్వాలి. 15 నిమిషాలు మెల్లగా పరిగెత్తి, తర్వాత 20 సెకన్ల చొప్పున నాలుగు వేగపు పరుగులు తీయండి. మొదటి కిలోమీటరు 5:35 కంటే ముందు ముగియకుండా చూసుకోండి. ఆ కిలోమీటరులో శరీరం ఏదీ ఫిర్యాదు చేయదు, అందుకే మోసపోతాం. మూడో కిలోమీటరు దగ్గర మూడు నాలుగు మాటలు కూడా పలకలేకపోతే వేగం ఎక్కువైనట్టే. ఆరు నుంచి ఎనిమిది వరకు ఉండే దూరం అన్నిటికన్నా కష్టం. ఉత్సాహం అయిపోయి ఉంటుంది, ముగింపు ఇంకా కనిపించదు. అక్కడ ముందున్న ఒక్కరి వీపు మీద చూపు నిలిపి సాగండి. మారథాన్ 32వ కిలోమీటరులో మీకు పనికొచ్చేది ఈ అభ్యాసమే. లెక్క మాత్రం రోడ్డు పక్కన పెట్టిన కిలోమీటరు బోర్డులతోనే చూడండి. సరిగ్గా కొలిచిన దారిని మలుపుల్లో అతి దగ్గరి గీత వెంట కొలుస్తారు. గుంపులో అటూ ఇటూ తిరిగే మీ వాచీ కాస్త ఎక్కువే చూపిస్తుంది.

ఇక వచ్చిన టైముతో ఏం చేయాలి? పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు 1977లో ప్రచురించిన సూత్రం ఒకటుంది. దాని ప్రకారం 10 కిలోమీటర్ల టైముని 4.6తో గుణిస్తే మారథాన్ అంచనా వస్తుంది. 54 నిమిషాలైతే 4 గంటల 8 నిమిషాలు. అయితే లాంగ్ రన్‌లు సరిపడా చేసినవాళ్లకే అది పొసగుతుంది, మొదటిసారి పరిగెత్తేవాళ్లకి తరచూ ఎక్కువ టైమే పడుతుంది. అందుకని 54 వచ్చినా మీ 4:15 అలాగే ఉంచండి. 58 వస్తే అంచనా 4:27 దగ్గర పడుతుంది. అప్పుడు మొదటి సగం కిలోమీటరుకి 6:20 దగ్గర పరిగెత్తేలా ప్లాన్ మార్చాలి.

పోటీలో ప్రతి 3 కిలోమీటర్లకీ ఒక ఈజీ రోజు అన్నది కోచ్ జాక్ డేనియల్స్ చెప్పిన లెక్క. అంటే మీకు మూడు రోజులు. బుధవారం దాకా మెల్లగా పరిగెత్తండి, లేదా నడవండి. గురువారం పిక్కలు నొక్కి చూసుకుని, నొప్పి లేకపోతేనే మామూలు ప్లాన్‌లోకి రండి.

చిప్ టైము, అంటే మీరు స్టార్ట్ లైన్ దాటినప్పటి నుంచి ముగింపు దాకా పట్టిన సమయం ఎంత వచ్చిందో రాయండి. 56 దాటినా సరే, దాచకుండా రాయండి. దాన్ని బట్టి మిగిలిన ఐదు వారాల వేగాలు ఇక్కడే లెక్కగట్టి ఇస్తాను.