మాస్టర్ ఫ్రాంచైజీ రద్దయింది... నేను కట్టిన 6 లక్షలు ఎవరిస్తారు?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో టీ షాపు పెట్టాను. బెంగళూరు కంపెనీ బ్రాండు. ఉత్తరాంధ్రకు మాస్టర్ ఫ్రాంచైజీ (ఆ ప్రాంతమంతటికీ బ్రాండు వాడుకునే హక్కు) నాదేనన్న వ్యక్తికి, మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి 6 లక్షలు కట్టాను. ఏడాది తిరక్కుండానే ‘అతనితో మా ఒప్పందం రద్దయింది, బోర్డు తీసేయండి’ అని కంపెనీ నుంచి లెటర్ వచ్చింది. అప్పటి నుంచి 2 ఏళ్ల 10 నెలలుగా ఇస్తానంటూనే తిప్పుతున్నాడు. ఒకసారి 20 వేలు పంపాడు. చీటింగ్ కేసు పెడితే దెబ్బకు కడతాడని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బంగారం సంగతి కోర్టుకు పట్టదు. మీ కేసును తేల్చేది ఆ 2 ఏళ్ల 10 నెలలే. ఒప్పందం తప్పినందుకు దావా వేసే గడువు 3 ఏళ్లు. పైగా మీరు లెటర్ అందిన రోజు నుంచి లెక్కపెడుతున్నారు. ఒప్పందం ఏ తేదీన రద్దయిందని లోపల రాశారో చూడండి. అది నెల ముందుదైతే, మీకు మిగిలింది నెలే అనుకుని పరుగెత్తండి.

20 వేలు పంపాడు కదా, గడువు మళ్లీ మొదటికొచ్చిందని ధీమాగా ఉండొద్దు. దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ చెల్లింపుకు అతని చేతిరాతో, సంతకమో ఉన్న కాగితం కావాలి. ఒట్టి యూపీఐ ఎంట్రీ మీద కేసు నిలబెట్టడం కష్టం. వాట్సాప్‌లో ‘సంక్రాంతికి సర్దుతానన్నా’ లాంటివి ఉంటే చెరపకండి, ఆ ఫోన్ అమ్మకండి.

ఫ్రాంచైజీలకు మన దేశంలో విడిగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. మీరు సంతకం పెట్టింది మాస్టర్‌తో కాబట్టి మామూలుగా జవాబుదారీ అతనే, కంపెనీ కాదు. డబ్బు కట్టేముందు కంపెనీ అతనికిచ్చిన అగ్రిమెంటు చూపించమని అడగలేదా? పాత స్కూటర్ కొన్నా ఆర్సీ చూస్తాం కదండీ! మాస్టర్ అయినంత మాత్రాన కింద ఇంకొకరికి ఇచ్చే హక్కు దానంతటదే రాదు. ఉదాహరణకు డామినోస్ పిజ్జా హక్కులున్న జూబిలెంట్ సంస్థ ఇక్కడి షాపులు ఇంకొకరికివ్వకుండా తానే నడుపుతుంది. మీవాడికి ఆ హక్కు ఉందా, డబ్బు తీసుకున్న రోజుకు ఒప్పందం బతికే ఉందా అన్నది తేలాలి. మీ ఇన్వాయిస్ మీద జీఎస్టీ నంబరు చూడండి. 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్‌ది. కర్ణాటక నంబరైన 29తో మొదలై కంపెనీ పేరే ఉంటే బిల్లు వేసింది వాళ్లే, వాళ్లనూ ప్రతివాదిగా చేర్చవచ్చు.

బావమరిది మాట వినకండి. స్టేషన్ చుట్టూ తిరిగినన్నాళ్లూ సివిల్ గడువు ఆగదు. మిగిలిన రెండు నెలలూ అక్కడే కరిగిపోతాయి. మోసానికి రుజువు దొరికితే ఆ కేసు తర్వాతైనా పెట్టుకోవచ్చు. బోర్డు తీశారో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ రాత్రికే దింపి ఫొటో తీసుకోండి, లేకపోతే ట్రేడ్‌మార్కు దావాలో మీరే ప్రతివాది అవుతారు.

అగ్రిమెంటు చివరి పేజీల్లో ‘ఆర్బిట్రేషన్’ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ కింద స్పీడ్‌పోస్టులో నోటీసు పంపండి. గడువుకు అతనికి అందిన రోజే లెక్క, మీరు పంపిన రోజు కాదు. ఆ క్లాజు లేకపోతే, మొత్తం 3 లక్షలు దాటింది కాబట్టి విశాఖలోనే వ్యాపార వివాదాలు చూసే కమర్షియల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడా నేరుగా దావా వేస్తే కొట్టేస్తారు. కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ కింద ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మీడియేషన్‌కు (రాజీ చర్చలకు) అర్జీ పెట్టాలి. అది నడిచినన్నాళ్లూ గడువు లెక్కలోకి రాదు. అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, కవరుతో సహా ఆ లెటరు పట్టుకుని సోమవారమే లాయరును కలవండి.