చిన్నాకి, మొదటి క్లాసుకి ముందు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు కాసేపు ఏడ్చి, ఆ తర్వాత సంగతి చెప్పింది. గచ్చిబౌలిలో పదకొండేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మానేసి, యూనివర్సిటీలో ఎంబీఏ పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్తున్నావట. ఐటీ మేనేజ్‌మెంట్ పేపరట. జీతం ఇప్పటిదాంట్లో మూడో వంతు కూడా రాదట. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. నీ గురించి బెంగ కొంత. మన ఇంట్లో నా తర్వాత సుద్దముక్క పట్టుకునేవాళ్లు ఇక లేరనుకున్నాను, నువ్వున్నావన్న సంతోషం కొంత. తెల్లారగట్ల లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్న చిన్నవి ముందే చెప్పేస్తాను. క్లాసుకి ఐదు నిమిషాలు ముందు వెళ్లు. ప్రొజెక్టర్‌ని నమ్ముకోకు, బోర్డు మీద చెప్పడానికి కూడా సిద్ధంగా ఉండు. ఇంటర్నల్ మార్కులు గడువు లోపలే ఇచ్చెయ్. లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ రాయి, పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయించుకో. గోరువెచ్చటి నీళ్లు దగ్గర పెట్టుకో, మొదటి నెలలోనే గొంతు పోతుంది. కాంట్రాక్టు పోస్టు అంటున్నావు, జీతాలు రెండు మూడు నెలలు ఆగినా ఆగుతాయి. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచాకే రాజీనామా ఇవ్వు. దాచకుండా ఇచ్చావని తెలిసిందా, నేనే బయల్దేరి వస్తాను.

ఇక అసలు సంగతి. నీకు చాలా తెలుసు. నా మొదటి భయం అదే.

నీ ముందు కూర్చునే అరవై మందిలో చాలామంది బీకామ్ చదివి ఐసెట్ రాసి వచ్చినవాళ్లు. వాళ్లకి నువ్వు క్లౌడ్ గురించి, సర్వర్ల గురించి ఉత్సాహంగా బొమ్మలు వేసి చెప్తావు. వాళ్లు రాసుకుంటారు, పరీక్షలో అప్పజెప్తారు, మర్చిపోతారు. నేను కూడా మొదటి రెండేళ్లు కంప్యూటర్ భాగాలు, బైనరీ లెక్కలు చెప్పి అదే పాఠమనుకున్నాను. ఆ పిల్లల్లో ఒకడు బ్యాంకులో ఆఫీసరవుతాడు. ఒకమ్మాయి ఆస్పత్రిలో పరిపాలన చూస్తుంది. ఇంకొకడు వాళ్ల నాన్న ఎరువుల కొట్లో కూర్చుంటాడు. ప్రోగ్రాము రాసే అవసరం వాళ్లలో ఎవరికీ రాకపోవచ్చు. కానీ ఏదో ఒక రోజు ఒక సేల్స్ అబ్బాయి వాళ్ల ముందు లాప్‌టాప్ తెరిచి, "సార్, అన్నీ ఇదే చూసుకుంటుంది" అంటాడు. సంతకం వీళ్లే పెట్టాలి. పెట్టే ముందు ఏం అడగాలో వాళ్లకి తెలిసి ఉండాలి. నీ పేపరంతా దానికోసమే.

రైలు టికెట్టుతో మొదలుపెట్టు. అది అందరికీ తెలిసిన వస్తువు. మా రోజుల్లో విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్తే తిరుగు ప్రయాణం బెర్తు కోసం ఇక్కణ్ణుంచి టెలిగ్రామ్ వెళ్లాలి, జవాబు వచ్చేదాకా ప్రాణం కుదుటపడేది కాదు. 1994లో సికింద్రాబాద్‌లో రైల్వే వాళ్లు కాన్సర్ట్ అనే కొత్త రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. 1999కల్లా ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిసిపోయాయి. 2002లో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్లో కొనుక్కోవడం వచ్చింది. ఇంతవరకూ పిల్లలు కథలా వింటారు. అప్పుడు అడుగు: ఆడవాళ్ల కోటాకి ఎన్ని బెర్తులు, తత్కాల్‌కి ఎన్ని అని నిర్ణయించింది కంప్యూటరా? కాదు కదా. అది రైల్వే పెట్టిన నియమం, సాఫ్ట్‌వేర్ దాన్ని పాటిస్తుంది, అంతే. నియమం తప్పయితే ఆ తప్పు ఐదు కేంద్రాల్లోనూ ఒకేసారి, ఎంతో వేగంగా జరుగుతుంది. ఇక్కడ కాసేపు ఆగు. వాళ్ల మొహాల్లో ఏదో వెలుగుతుంది చూడు, దానికోసమే మనం ఈ ఉద్యోగం చేసేది.

పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం కేసు తప్పకుండా చెప్పు. 2018 ఫిబ్రవరిలో బయటపడింది, మొదట చెప్పిన అంకే పదకొండు వేల కోట్లు దాటింది. నేను రిటైరయ్యే ముందు దాన్ని ఇద్దరు పిల్లల చేత క్లాసులో ఆడించాను. ఒకబ్బాయి స్విఫ్ట్, అంటే బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే సిస్టమ్. ఒకమ్మాయి కోర్ బ్యాంకింగ్, అంటే బ్యాంకు తన ఖాతాల లెక్క రాసుకునే సిస్టమ్. ఇద్దరినీ గదికి రెండు మూలల నిలబెట్టాను. అబ్బాయి విదేశాల్లోని బ్యాంకు శాఖలకి "మాది హామీ, అప్పివ్వండి" అని చీటీలు పంపుతూనే ఉంటాడు. అమ్మాయి చేతిలో ఖాతా పుస్తకం ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే ఆ చీటీ సంగతి ఆమెకి చెప్పేవాళ్లే లేరు. రెండు సిస్టములూ బాగానే పనిచేస్తున్నాయి, మధ్యలో ముడి లేదు. బ్యాంకు లోపలివాళ్లే అది కనిపెట్టి వాడుకున్నారు. పది నిమిషాల ఆట. ఆ బ్యాచ్ పిల్లలు ఇప్పుడు కనపడినా దాని గురించే మాట్లాడతారు.

2024 జూలై 19 కూడా చెప్పు. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడా చేసి ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. రేపు పొద్దున మీ కొట్లో, మీ ఆస్పత్రిలో సిస్టమ్ పడిపోతే దేని మీద రాస్తారు, ఎవరు రాస్తారు, తర్వాత దాన్ని మళ్లీ ఎవరు ఎక్కిస్తారు? ఇంటిపనిగా ఇచ్చెయ్.

ఇప్పుడు, ఇరవై ఏళ్లకి పైగా నా మనసులో ఉండిపోయిన సంగతి చెప్తాను. మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1998లో మా పిల్లలు నలుగురు ప్రాజెక్టు కోసం ఒక ధాన్యం వ్యాపారి దగ్గరికి వెళ్లారు. ఆయన గిడ్డంగిలో అప్పటికి నాలుగు వేల బస్తాలున్నాయి. బస్తాకి 75 కేజీలు. స్టాకంతా ఒక గుమాస్తా గారు పెద్ద రిజిస్టరులో రాసేవారు, ఇరవై ఆరేళ్లుగా. మా పిల్లలు రెండు రోజులు కూర్చుని ఆ రిజిస్టరులోని గళ్లన్నీ కంప్యూటర్లో, లెక్కలు దాచే ఫాక్స్‌ప్రో సాఫ్ట్‌వేర్‌లోకి దించేశారు. చివర్లో ఎర్ర సిరాతో రాసిన చిన్న గడి ఒకటి ఉంది. కొట్టివేతలేమో అనుకుని దాన్ని వదిలేశారు. ప్రోగ్రాము అందంగా వచ్చింది. రంగుల మెనూలు, మీట నొక్కితే స్టాకు మొత్తం. నేను గిడ్డంగికి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

వైవా రోజున వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. తెలుగు మీడియం పిల్ల, వ్యవసాయం చేసే ఇల్లు. సెమిస్టరు మొత్తంలో నోరు తెరిచింది అదే మొదటిసారి. "మేడమ్, ధాన్యం ఆరితే బరువు తగ్గుతుంది కదా, అది ఇందులో ఎక్కడుంది?" అని తెలుగులో అడిగింది. బయట నుంచి వచ్చిన ఎగ్జామినరు పక్కనే ఉన్నారు. నాకు చిన్నతనంగా అనిపించింది. "సిస్టమ్ గురించి అడుగు, వ్యవసాయం గురించి కాదు" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. ఆ నలుగురికీ నేను వేసిన మార్కులు ఆ ఏడు క్లాసులోకెల్లా ఎక్కువ.

రెండేళ్ల తర్వాత ఇంకో బ్యాచ్‌కి ప్రాజెక్టు అడుగుదామని నేనే ఆ షావుకారు దగ్గరికి వెళ్లాను. గుమాస్తా గారి సీట్లో ఎవరో కుర్రాడున్నాడు. ఆయన ఏరీ అని అడిగితే షావుకారు నవ్వుతూ, "దొంగని మీ కంప్యూటరే పట్టించింది మేడమ్" అన్నాడు. నాకు కృతజ్ఞతలు చెప్పాడురా. కంప్యూటర్ మూడు వేల క్వింటాళ్లు చూపించిందట, కాటా వేస్తే వంద క్వింటాళ్ల పైన తక్కువ వచ్చిందట. షావుకారు ఒక్క మాట అన్నాడట, గుమాస్తా గారు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారట.

నాకు ఆ పిల్ల గొంతు వినపడింది. అక్కడే ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. కోతలప్పుడు ధాన్యంలో 17 శాతం తేమ అనుకో. 75 కేజీల బస్తాలో నీళ్లు పన్నెండు కేజీల ముప్పావు. ఉగాది నాటికి ఆరి తేమ 14 శాతానికి దిగితే ఆ బస్తా 72 కేజీల 400 గ్రాములకి వస్తుంది. ఒక్కో బస్తాకి రెండు కేజీల 600. నాలుగు వేల బస్తాలకి నూట నాలుగు క్వింటాళ్లు. ఎవరూ ఎత్తుకెళ్లలేదు, గాలికి ఆరిపోయింది. ఎర్ర సిరా గడిలో ఆయన నెలనెలా రాసుకున్నది ఆ తరుగే.

షావుకారు ఆ కాగితం చాలాసేపు చూశాడు. మనిషిని పంపాడు, ఆయన తిరిగి రానన్నారు. ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చారు. తన చిత్తు పుస్తకం తెచ్చి చూపించారు: ఏ లాటు ఎప్పుడు దిగింది, గింజ కొరికి చూస్తే ఎలా ఉంది, వాన పడ్డ రోజులు, గిడ్డంగిలో ఏ మూల చెమ్మ. రిజిస్టరులో ఎర్ర గడి ఈ పుస్తకంలోంచి వచ్చేది. క్షమించమని అడగడానికి వెళ్లిన నాకు నోట మాట రాలేదు. ఆయనే అన్నారు: "మీ పిల్లలు రెండు రోజులు నా పక్కనే కూర్చున్నారమ్మా. ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి."

అందుకే ఇంత పొద్దున్నే ఇంత గట్టిగా రాస్తున్నాను. ప్రాజెక్టులకి పిల్లల్ని ఊరికే పంపకు. జిరాక్స్ షాపులో కొన్న రిపోర్టు తెస్తే వెనక్కిచ్చెయ్, మళ్లీ రాయించు. నిజంగా వెళ్లినవాళ్లని, కంప్యూటర్ ముట్టుకోకముందు, ఆ పని చేతులతో చేసే మనిషి పక్కన ఒక రోజంతా కూర్చోబెట్టు. అతనికి విడిగా చిత్తు పుస్తకం ఉందేమో అడిగించు. ఇప్పుడది ఫోన్లో వాట్సాప్ గ్రూపుగా ఉంటుంది, ఎక్సెల్ షీటుగా ఉంటుంది, ఉండటం మాత్రం ఉంటుంది. అది దొరక్కుండా ఏ రిపోర్టుకీ మార్కులు వెయ్యకు. ఆ కొత్త సిస్టమ్ వల్ల ఎవరి పేరు చెడే వీలుందో ఒక పేజీ విడిగా రాయించు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు రిపోర్టులో అంటించి తెస్తారు, రానివ్వకు. మనుషుల సొంత వివరాలు కాపాడటానికి 2023లో చట్టం కూడా వచ్చింది. వాళ్ల ప్రాజెక్టు జరుగుతున్నప్పుడు నువ్వూ ఒకసారి ఆ చోటికి వెళ్లు. పని ఎక్కువగా ఉందనకు. నేను అలాగే అనుకున్నాను.

ఇంకొకటి. నీ ఇంగ్లీషు బాగుంటుంది, చిన్నప్పుడు నేనే దగ్గర కూర్చుని నేర్పాను. దాన్ని గోడలా కట్టకు. వెనక బెంచీ నుంచి తెలుగులో ప్రశ్న వస్తే తెలుగులోనే జవాబు చెప్పు. ఎగ్జామినరు పక్కనే ఉన్నా సరే చెప్పు. ఆ అమ్మాయి పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడుందో తెలియదు.

మీ అమ్మ గురించి దిగులు పెట్టుకోకు, నేను చూసుకుంటాను. చిన్నప్పుడు సెలవులకి వచ్చి నా పరీక్ష పేపర్ల కట్టలు ముందేసుకుని "నేనూ దిద్దుతా" అని ఏడ్చేవాడివి. ఎర్ర పెన్సిలిస్తే అందరికీ వంద వేసేవాడివి. పొద్దున అది గుర్తొచ్చి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

గుమాస్తా గారు ఆ రోజు చిత్తు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి నాకిచ్చారు. ఇన్నేళ్లూ నా బీరువాలో ఉంది. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. మడత దగ్గర చిరుగుతోంది, జాగ్రత్తగా విప్పు. గోడకి అంటించకు, లెక్క వెనకవైపు కూడా ఉంది.

మొదటి క్లాసు ఏ రోజో తెలియగానే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ