నిరసనలో కూర్చున్నందుకు యూనివర్సిటీ నోటీసు: వీసా పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ రెండో సెమిస్టర్ చదువుతోంది. గాజా ప్రజల కోసం క్యాంపస్‌లో విద్యార్థులు చేసిన బైఠాయింపులో తనూ కూర్చుంది. అరెస్టు కాలేదు. కానీ ఖాళీ చేయమన్నా లేవలేదని, అనుమతి లేకుండా మైకు వాడారని కాండక్ట్ ఆఫీసు (క్రమశిక్షణ విభాగం) నుంచి నోటీసు వచ్చింది. పది రోజుల్లో మీటింగ్. లోన్ తీసుకుని పంపాం. వీసా రద్దవుతుందా? ఇన్‌స్టాగ్రామ్ తీసేయమనాలా? మేలో వాళ్ల అక్క పెళ్లికి రావచ్చా? నేను డీన్‌కు మెయిల్ రాస్తే పనవుతుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ఒక్క నోటీసు వల్లే సాధారణంగా వీసా పోదు. ముందు మీరు కలిపి చూస్తున్న మూడు ఫైళ్లను విడదీయండి: యూనివర్సిటీ ఫైలు, పోలీసు ఫైలు, ఇమిగ్రేషన్ ఫైలు. మీ అమ్మాయి పేరు ప్రస్తుతానికి మొదటిదాంట్లోనే ఉంది. అది మిగతా రెండింట్లోకి పాకకుండా చూడాలి.

మీ భయం ఉత్తిదని మాత్రం అనను. 2025 మార్చి 5న కొలంబియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న రంజని శ్రీనివాసన్ వీసా రద్దయింది. వారం తిరక్కుండానే ఆమె కెనడా వెళ్లిపోయారు. టఫ్ట్స్ యూనివర్సిటీలో రుమేసా ఓజ్‌తుర్క్ విద్యార్థి పత్రికలో మరో ముగ్గురితో కలిసి ఒక వ్యాసం రాశారు. నేరారోపణ ఏదీ లేకుండానే మార్చి 25న ఆమెను వీధిలో పట్టుకుని లూసియానా డిటెన్షన్ సెంటర్‌కు తరలించారు. మే 9న కోర్టు ఆదేశంతో బయటికొచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 30న బోస్టన్ ఫెడరల్ కోర్టు జడ్జి విలియం యంగ్, అమెరికాలో చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకూ పౌరులతో సమానంగా వాక్‌స్వేచ్ఛ ఉందని తీర్పిచ్చారు. హక్కు ఉందన్నది నిజమే. అది కోర్టులో తేలేలోగా ఆరు వారాలు లోపల ఉండాల్సి రావచ్చన్నదీ నిజమే. మీ అమ్మాయి రెండూ తెలిసి నిర్ణయించుకోవాలి, అది ఆమె నిర్ణయం. మీరు ఫోన్‌లో తిడితే ఆమె మీకు చెప్పడం మానేస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు.

ఇక మీటింగ్. నోటీసును ఒకటికి రెండుసార్లు చదివి, ఒక్కో ఆరోపణ పక్కన అది ఏ నిబంధన కిందికి వస్తుందో రాసుకోమనండి. 'ఖాళీ చేయమన్నా లేవలేదు' అన్నది ఒకటి, 'మైకు వాడారు' అన్నది వేరొకటి. మైకు పట్టుకున్నది ఆమె కాకపోతే ఆ ఒక్కటీ అక్కడే వీగిపోవచ్చు. హెచ్చరిక ఎన్ని గంటలకు చేశారు, ఆమెకు వినబడిందా, ఎన్ని గంటలకు లేచింది అన్నవి ఫోన్‌లోని ఫొటోల సమయాలతో సహా ఒక కాగితం మీద పెట్టుకోవాలి. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి నినాదం ఏమిటని శిక్షించడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. సమయం, స్థలం, శబ్దం మీద నియమాలు మాత్రం పెట్టుకోవచ్చు, నోటీసులు వచ్చేది వీటి మీదే. ప్రైవేటు యూనివర్సిటీ అయితే ఆ రక్షణ కూడా నేరుగా వర్తించదు, వాళ్ల నియమావళిలో ఏముంటే అదే.

మీటింగ్‌కు ముందు కాండక్ట్ ఆఫీసుకు మెయిల్‌లో నాలుగు విషయాలు అడగాలి: నా మీద ఉన్న ఆధారాలు ముందుగా చూపిస్తారా? వెంట ఒక సలహాదారును తెచ్చుకోవచ్చా? ఏ స్థాయి శిక్ష దాకా వెళ్లే అవకాశం ఉంది? అప్పీలుకు ఎన్ని రోజుల గడువు? జవాబు రాతలో ఉండాలి. ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. ఆవేశంలో పాలస్తీనా చరిత్ర మీద మూడు పేజీల వ్యాసం రాసి పంపుతారు. అది సభలో చదవాల్సింది. ఇక్కడ అరపేజీ చాలు, అదీ జరిగిన సంగతులే. స్నేహితుల పేర్లు అందులో అక్కర్లేదు.

'తప్పు ఒప్పుకుంటే వార్నింగ్‌తో వదిలేస్తాం' అని సర్దుబాటు కాగితం పెట్టవచ్చు. ఒక్కోసారి అదే మంచి దారి. సంతకం పెట్టేముందు ఒకటి కనుక్కోవాలి: అది శాశ్వత డిసిప్లినరీ రికార్డుగా నిలుస్తుందా, కొన్నాళ్లకు తీసేస్తారా? రేపు పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తే కొన్నిచోట్ల ఆ ప్రశ్న ఉంటుంది.

అసలు ప్రమాదం సస్పెన్షన్. వార్నింగ్, ప్రొబేషన్ సాధారణంగా ఇమిగ్రేషన్ దాకా వెళ్లవు. సస్పెండ్ చేస్తే ఫుల్‌టైమ్ చదువు ఆగుతుంది, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డు మూసేస్తారు, కోర్సు పూర్తిచేసినవాళ్లకు దేశం విడిచి వెళ్లడానికి ఉండే 60 రోజుల గడువు కూడా దొరకదు. కొలంబియాలో 2025 మేలో బట్లర్ లైబ్రరీ నిరసన తర్వాత 70 మందికి పైగా విద్యార్థులపై చర్యలు తీసుకున్నారు. వాటిలో ఎక్కువ సస్పెన్షన్లే, ఒకటి నుంచి మూడేళ్ల దాకా.

పైకి కనబడని చిక్కు రిజిస్ట్రేషన్ హోల్డ్. కేసు నడుస్తుండగా ఖాతా మీద హోల్డ్ పడితే వచ్చే సెమిస్టర్ కోర్సులు ఎంచుకోలేరు. సెమిస్టర్ మొదలైన 30 రోజుల్లో ఆమె ఫుల్‌టైమ్ చేరినట్టు యూనివర్సిటీ సెవిస్‌లో నమోదు చేయాలి. హోల్డ్ ఉందో లేదో స్టూడెంట్ పోర్టల్‌లో ఇప్పుడే చూడమనండి. ఉంటే ఆ రోజే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓకు (విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డు చూసే యూనివర్సిటీ ఉద్యోగికి) చెప్పాలి. వాళ్లు సాయం చేస్తారు కానీ ఆమె లాయర్లు కారు. యూనివర్సిటీ ఇచ్చే ఉచిత లీగల్ సర్వీస్ కూడా సాధారణంగా యూనివర్సిటీ మీద వాదించదు. అందుకని బయటి ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడించండి. ఖర్చు పెట్టదగ్గ చోటు ఇదొక్కటే.

అరెస్టు కాకపోవడం పెద్ద ఊరట. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అని అడుగుతారు. కేసు కొట్టేసినా జవాబు 'అవును' అనే రాయాలి. గ్రీన్‌కార్డు ఫారంలోనూ ఆ ప్రశ్న ఉంది. ఆమె స్నేహితులెవరైనా అరెస్టై ఉంటే, కోర్టు ముద్ర ఉన్న తుది ఉత్తర్వు కాపీ తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచుకోమనండి. ఇంకోమాట: అమెరికాలో అరెస్టయిన భారతీయుల గురించి మన కాన్సులేట్‌కు దానంతటదే కబురు వెళ్లదు, అడగాలి.

ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు చెరిపేయొద్దు. నోటీసు వచ్చాక తీసేస్తే ఆధారాలు మాయం చేసినట్టుంటుంది. గత ఐదేళ్లలో వాడిన ఖాతాలన్నీ డీఎస్-160లో రాయాలి, ఒకటి దాస్తే అబద్ధం కిందికి వస్తుంది. 2025 జూన్ నుంచి ఎఫ్-1 (విద్యార్థి వీసా) దరఖాస్తుదారులు ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలంటున్నారు. పాతవి ఏం చేయాలో లాయర్ చెప్పాలి. మీ వంతు పని వేరే ఉంది: ఆమె మాట్లాడుతున్న వీడియోను బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పేరుతో సహా తిప్పకండి. కెనరీ మిషన్ అనే వెబ్‌సైట్ ఇలాంటి ఫొటోలు, పేర్లే పోగుచేసి పెడుతుంది. అందులోని పేర్లను పరిశీలించామని 2025 జూలైలో కోర్టు విచారణలో ఇమిగ్రేషన్ అధికారే చెప్పారు.

పెళ్లికి రావడం. పాస్‌పోర్టులోని వీసా స్టాంపు అమెరికా లోపలికి వెళ్లడానికి, సెవిస్ రికార్డు లోపల ఉండడానికి. స్టాంపుకు గడువుండి, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం) మీద ఏడాది లోపు డీఎస్ఓ పెట్టిన ట్రావెల్ సంతకం ఉంటే మళ్లీ స్టాంపింగ్ అక్కర్లేదు. కానీ కాండక్ట్ కేసు తేలకుండా విమానం ఎక్కొద్దు. ఇక్కడ ఉండగా స్టాంపు రద్దయితే మళ్లీ కాన్సులేట్ ఇంటర్వ్యూకే వెళ్లాలి, ఆగస్టుకు స్లాట్ దొరక్కపోతే సెమిస్టర్ పోతుంది. కేసు మేలోపు మూసేశారని రాతలో వస్తే, లాయర్ సరేనంటే రావచ్చు. లేదంటే అక్క పెళ్లి వీడియోకాల్‌లో చూడాల్సిందే, కష్టమే అయినా.

డీన్‌కు మీరు రాయొద్దు. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వాళ్లు మీతో మాట్లాడరు. పైగా మీరు రాసిన 'మా అమ్మాయి తెలియక చేసింది' అన్న వాక్యం ఆమె వాదనను దెబ్బతీయొచ్చు.

ఉద్యోగం గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో చూసేది నేరాలు, డిగ్రీ, పాత ఉద్యోగాలు. యూనివర్సిటీ కాండక్ట్ ఫైలు మామూలుగా అందులోకి రాదు. 2023 అక్టోబరులో డేవిస్ పోక్ అనే లా సంస్థ కొందరు విద్యార్థుల ఆఫర్లను వెనక్కి తీసుకున్నది వాళ్ల సంఘాలు విడుదల చేసిన ప్రకటనల వల్ల. అంటే పేరు, పదవితో కనబడేవాళ్లకే ఎక్కువ తగులుతుంది. సంఘంలో ఆమెకు పదవి ఉందో లేదో అడగండి.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఇది కూడా అడగండి: మొదటిసారి డీఎస్-160 ఎవరు నింపారు, ఏ ఈమెయిల్ ఇచ్చారు? వీసా రద్దు సమాచారం పంపితే ఆ చిరునామాకే వస్తుంది. మన దగ్గర చాలామందికి ఫారం కన్సల్టెన్సీవాళ్లే నింపి, వాళ్ల మెయిలే పెట్టేస్తారు. మీదీ అలాగే అయితే రేపు ఉదయమే వాళ్ల ఆఫీసుకెళ్లి, ఆ ఇన్‌బాక్స్‌తో పాటు స్పామ్ ఫోల్డర్ కూడా మీ కళ్లముందే తెరిపించండి.