ట్యూనిస్ వెళ్తున్న మా మేనకోడలికి

చిన్నీ,

నువ్వు సెప్టెంబరు ఆఖర్లో ట్యునీషియా రాజధాని ట్యూనిస్ వెళ్తున్నావని, అదీ ఒక్కదానివే వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. "అన్నయ్యా, నువ్వైనా దానికి నచ్చజెప్పు" అని ఒకటే గోల. నేనేం నచ్చజెప్తాను? మా రోజుల్లో మన వైపు నుంచి ఆ ఊరు వెళ్ళామంటే ఎరువుల ఫ్యాక్టరీ పనిమీదే. ఫాస్ఫారిక్ ఆమ్లం అక్కడి నుంచి కూడా ఓడల్లో వచ్చేది కాబట్టి, ఆ బేరసారాలకి మమ్మల్ని పంపేవాళ్ళు. నువ్వు సెలవు పెట్టుకుని, నీ డబ్బుతో, చూడాలనిపించి వెళ్తున్నావు. నాకు గర్వంగా ఉంది. నిద్ర మాత్రం పట్టడం లేదు. ఈ ఉత్తరం పైపైన చూసేసి "ఓకే మావయ్యా" అని బొటనవేలి బొమ్మ పంపావో, ఊరుకోను.

వీసా, ఇన్సూరెన్స్, టికెట్లు నాకంటే నీకే బాగా తెలుసు. రూపాయలు అక్కడ ఎవరూ మార్చరు, యూరోలు పట్టుకెళ్ళు. వాళ్ళ దీనారు దేశం దాటి బయటికి తీసుకెళ్ళకూడదు, కాబట్టి కొంచెం కొంచెంగా మార్చుకో. మార్చిన రశీదులు పారెయ్యకు, మిగిలినవి తిరిగి మార్చేటప్పుడు అడుగుతారు. దీనారుకి వెయ్యి మిల్లీములు. టాక్సీ మీటరు మీద చుక్క తర్వాత మూడంకెలు కనిపిస్తే కంగారుపడకు. ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే. మీటరు వేస్తేనే ఎక్కు, లేకపోతే దిగిపో, సిగ్గుపడకు. అక్కడ అరబిక్ తర్వాత ఫ్రెంచే నడుస్తుంది, ఇంగ్లీషు మీద ఆశ పెట్టుకోకు.

వాతావరణం సంగతి. సెప్టెంబరు ఆఖరంటే అక్కడ ఎండాకాలం తోక. మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది, సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది. అయితే నెలల తరబడి చినుకు పడని ఊరికి మొదటి వాన వచ్చేది ఆ రోజుల్లోనే. వస్తే ఉన్నట్టుండి కుండపోత. కాలువలు పట్టక రోడ్లమీద మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. విశాఖలో పెరిగినదానివి, వాన అంటే భయం లేదని నాకు తెలుసు. ఆ పాలరాతి మెట్ల మీద మాత్రం జారి పడతావు. పట్టున్న బూట్లు వేసుకో, ఇన్‌స్టాగ్రామ్ చెప్పులు వద్దు.

తిండి. నువ్వు నీచు ముట్టవు. అక్కడ సలాడ్ అడిగినా పైన ట్యూనా చేప చల్లి ఇస్తారు, వాళ్ళ లెక్కలో అది అలంకారం. "సాన్ తోన్", అంటే ట్యూనా లేకుండా, అని ముందే చెప్పు, ప్లేటు వచ్చాక మళ్ళీ చూసుకో. పొద్దున్నే లబ్లబీ తిను. ఎండు రొట్టెముక్కల మీద ఉడికిన శనగలు, జీలకర్ర, ఆలివ్ నూనె, హరీసా అనే మిరపకాయల ముద్ద వేసి ఇస్తారు. దాంట్లోనూ ట్యూనా వేస్తారు, ఆపు. మన నాలుకకి ప్రాణం లేచొచ్చేది ఆ హరీసా కారమే. ఆకలితో తిరగొద్దు, నీకు నీరసం వస్తే కళ్ళు తిరుగుతాయి, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇక మీ అమ్మ భయం. 2015లో బార్దో మ్యూజియంలో జరిగిన కాల్పుల వార్త ఆవిడ మర్చిపోలేదు. మర్చిపొమ్మని నేనూ అనను, ఇరవై మందికి పైగా పోయారు. అయినా ఆ మ్యూజియం చూడకుండా రాకు. రోమన్ల కాలపు మొజాయిక్‌లు గోడల నిండా ఉంటాయి. కవి వర్జిల్ ఇద్దరు కళాదేవతల మధ్య కూర్చుని, ఒళ్ళో తన కావ్యం చుట్ట పెట్టుకుని ఉన్న పలక దగ్గర కాసేపు ఆగు. రంగురాళ్ళు ఒక్కొక్కటీ గోరంత కూడా ఉండవు. సోమవారం మూసి ఉంటుంది, చూసుకుని వెళ్ళు. మీ అమ్మకి బాంబుల భయం. నా భయం నీ చేతిలోని ఫోన్. అదెందుకో చెప్పాలంటే మీ నాన్న సంగతి చెప్పాలి, ఆయనకి కోపమొస్తే రానీ.

నీ బారసాల ఫోటోలు ఇంట్లో ఎందుకు లేవని ఎన్నోసార్లు అడిగావు. స్టూడియో కుర్రాడు రీలు పాడుచేశాడని మీ నాన్న చెప్తారు. అది అబద్ధం.

నువ్వు పుట్టి రెండు నెలలు తిరక్కుండానే మా ఇద్దర్నీ ట్యూనిస్ పంపారు. మీ నాన్న దగ్గర యాషికా కెమెరా. అందులో ముప్పై ఆరు ఫోటోల రీలు, సగం నీ బారసాలకి అయిపోయింది. మిగతా సగం ఎందుకు దండగ చెయ్యాలని ఆ రీలుతోనే విమానం ఎక్కారు. అప్పట్లో మనవాళ్ళందరం అంతేగా, రీలు పూర్తయితేగాని కడిగించేవాళ్ళం కాదు.

పని లేని ఆదివారం, ఊరి పక్కనే ఉన్న పాతకాలపు నగర శిథిలాలు, కార్తేజ్ చూడ్డానికి వెళ్ళాం. ట్యూనిస్ మెరీన్ స్టేషన్లో టీజీఎం రైలెక్కితే సరస్సు మధ్యనున్న కట్ట మీదుగా వెళ్తుంది. 1872లో మొదలైన లైను అది. కార్తేజ్ హానిబాల్ స్టేషన్లో దిగి సముద్రం వైపు నడిస్తే ఆంటొనైన్ స్నానశాలలు వస్తాయి. మనకి కనిపించేవి నేలమాళిగ గోడలే, పైన ఉండాల్సిన హాళ్ళు ఎప్పుడో కూలిపోయాయి. ఒక్క స్తంభం మాత్రం తిరిగి నిలబెట్టారు. దాన్ని చూసి మీ నాన్నకి పూనకం వచ్చింది. ఒక ఫోటో సముద్రం కనిపించేలా తీశారు. మరొకటి ఇటు తిరిగి తీశారు. ఇటు వైపు, ప్రహరీ అవతల, తెల్లగా ఉన్నది దేశాధ్యక్షుడి భవనం.

ఈల వినిపించింది. నేను ఆగాను. మీ నాన్న నవ్వుతూ ఈల వేసినవాడికి కూడా కెమెరా గురిపెట్టారు. అప్పుడు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. పాస్‌పోర్టులు అడిగారు, మావి హోటల్ గదిలో సూట్‌కేసులో ఉన్నాయి. భద్రంగా ఉంటాయని అక్కడ పెట్టమన్నది మీ నాన్నే. మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. మాకు ఫ్రెంచ్ రాదు, వాళ్ళకి ఇంగ్లీషు రాదు. నా జేబులో ఉన్న అక్కడి ఫ్యాక్టరీ ఆయన కార్డు చూసి ఆయనకి ఫోన్ చేశారు. ఆయన వచ్చి ఏం బతిమాలాడో తెలీదు, మమ్మల్ని వదిలారు. కెమెరా తిరిగిచ్చారు. ఇచ్చే ముందు వెనక మూత తెరిచి, ఆ కాపలావాడు రీలు పూర్తిగా బయటికి లాగేశాడు. నెమ్మదిగా, చివరిదాకా, ఎండలో. కోపంగా కూడా లాగలేదు, రోజూ చేసే పనిలాగే లాగాడు.

తిరుగు రైల్లో మీ నాన్న మాట్లాడలేదు. నేను తిట్టిన తిట్లకి మూగబోయారనుకున్నా. రైలు లా గూలెట్ దాటాక, "అమ్మమ్మగారి ఒళ్ళో పాప ఉన్న ఫోటో కూడా అందులోనే ఉంది బావా" అన్నారు. మీ అమ్మమ్మ మరుసటి ఏడే పోయింది. రాగిపళ్ళెంలో బియ్యం పోసి నీ పేరు రాస్తున్నప్పుడు నిన్ను పట్టుకున్నది ఆవిడే. ఆకుపచ్చ చీర, దాని అంచు నీ పిడికిట్లో ఉంది. ఇంతే నాకు గుర్తు, మీ నాన్నకి ఇంతకంటే గుర్తుండొచ్చు. పాపం ఏ తప్పూ లేని ఆ స్టూడియో గుమ్మం మీ అమ్మ మళ్ళీ తొక్కలేదు. ఇప్పుడు నువ్వు ఆవిడకి చెప్పకు, చెప్పాలంటే ఆయనే చెప్తారు.

కాబట్టి విను. యూనిఫాం, ముళ్ళకంచె, కాపలా గది, ఏది కనిపించినా ఫోన్ సంచిలో పెట్టెయ్. బుర్గీబా అవెన్యూలో చెట్ల కింద నడుస్తుంటే అక్కడే హోం శాఖ కార్యాలయం ఉంటుంది. చర్చికి ఎదురుగా ఫ్రెంచ్ రాయబార కార్యాలయం. బార్దో పక్కనే పార్లమెంటు. ముందు చుట్టూ చూడు, ఆ తర్వాతే ఫోటో. నీ ఫ్రెండ్ ఎవరో డ్రోన్ ఇస్తానన్నాడట, వద్దు, కస్టమ్స్‌లోనే పట్టేసుకుంటారు. పాస్‌పోర్టు జిరాక్స్ ఎప్పుడూ ఒంటిమీద ఉండాలి. పోలీసు నంబరు 197, కాగితం మీద రాసుకో. ఫోనే పోతే ఫోన్లో దాచిన నంబరు దేనికి?

మదీనా అంటే అక్కడి పాత ఊరు, దాని సందుల్లో పొద్దున్నే తిరుగు, జైతూనా మసీదుకి భుజాలు కప్పుకుని వెళ్ళు. మన లాంటివాళ్ళని ప్రాంగణం వరకే రానిస్తారు. కార్తేజ్‌లో నీడ లేదు, ఎండ ఎక్కకముందే వెళ్ళు. ఒకే టికెట్టు మీద ఆ రోజు మిగతా శిథిలాలన్నీ చూడొచ్చు, పారెయ్యకు. సాయంత్రం కొండ మీది ఊరు సీదీ బూ సయీద్ ఎక్కి బంబలూనీ తిను, మన గారెలాగే నూనెలో వేసి, పంచదార అద్ది, కాగితంలో పెట్టిస్తారు. అక్కడ ఫోటోలు ఎన్నైనా తీసుకో, నీలం తలుపులకి ఏ కాపలా ఉండదు.

ఇంకా దొరుకుతుంటే మష్మూమ్ కొనుక్కో. విచ్చని మల్లెమొగ్గలు ఒక్కొక్కటీ సన్నని గడ్డిపుల్లకి గుచ్చి, ఎర్రదారంతో గుత్తిగా కడతారు. అక్కడ మగాళ్ళు చెవి మీద పెట్టుకుంటారు. మీ నాన్న కూడా పెట్టుకున్నారు, దానికి మాత్రం సాక్షిని నేనొక్కణ్ణే.

చేరగానే ముందు అమ్మకి మెసేజ్ పెట్టు, తర్వాత నాకు. వచ్చేటప్పుడు హరీసా డబ్బాలు రెండు తే, చేతి సంచిలో పెట్టకు, లాగేసుకుంటారు, చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య పెట్టు. డాక్టరు కారం మానెయ్యమన్నాడని మీ అత్తయ్య అంటుంది, పట్టించుకోకు.

మీ మావయ్య