బావమరిది గోల్ఫ్ సెట్టు 300 డాలర్లకే వస్తోంది, తీసుకోవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. హెచ్‌1బీ మీద పని చేస్తున్నాను, జీతం ఏడాదికి 1,10,000 డాలర్లు. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, ఇద్దరు పిల్లలు. ఆఫీసులో అందరూ గోల్ఫ్ ఆడుతున్నారని నేనూ మొదలుపెట్టాను. కొత్త ఐరన్ల, అంటే లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్రల (క్లబ్బుల), సెట్టు 1,200 డాలర్లు. 12 నెలలు వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు, ఆ తర్వాత వడ్డీ 29.99 శాతం. ‘మా తమ్ముడి పాత సెట్టు ఉండగా కొత్తదెందుకు’ అంటోంది మా ఆవిడ. అతను 300 డాలర్లకు ఇస్తానన్నాడు. అతని ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, నాది 5 అడుగుల 4 అంగుళాలు. అతను తన ఎత్తుకి తగ్గట్టు ఒక అంగుళం పొడవుగా, రెండు డిగ్రీలు అప్‌రైట్‌గా, అంటే కర్ర నేలకి ఇంకాస్త నిటారుగా ఉండేలా చేయించుకున్నాడట. షాపువాళ్లేమో 100 డాలర్లు కట్టి ఫిట్టింగ్, అంటే ఒంటికి తగ్గ క్లబ్బు కొలతలు, చేయించుకోమంటున్నారు. అది దండగ ఖర్చా? క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీకి 2,300 బాకీ ఉంది. చేతిలో రెండు నెలల ఖర్చులకి సరిపడా డబ్బుంది. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401(కే)లో జీతంలో 3 శాతం వేస్తున్నాను. కంపెనీ 5 శాతం దాకా డాలరుకి డాలరు కలుపుతుంది. నెలకు 500 మిగులుతుంది.

జవాబు: మీ ఊళ్లో ఉండి గోల్ఫ్ జోలికి పోకుండా ఉండడం కష్టమే లెండి. 2022లో గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయమే ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకి వచ్చేసింది. ఆడొద్దని నేను చెప్పను. కానీ మీరడిగిన మూడు ఖర్చుల్లో మీకు దండగలా కనిపిస్తున్న ఆ 100 డాలర్లే నా లెక్కలో అన్నిటికన్నా ముందు పెట్టాల్సినవి.

మీ ఆవిడకి ఒక్క మాట చెప్పి చూడండి. ఆది జాకెట్టు ఇవ్వకుండా టైలరుకి బట్ట ఇస్తుందా? పోనీ, తనకన్నా 10 అంగుళాలు పొడవున్న మనిషి ఆది ఇచ్చి కుట్టించుకుంటుందా? తమ్ముడి సెట్టు మీద ప్రేమ సంగతి ఎలా ఉన్నా, ఈ మాట ఆవిడకి చప్పున అర్థమవుతుంది.

మామూలుగా స్టీల్ షాఫ్ట్, అంటే కర్ర, ఉన్న 7 ఐరన్ పొడవు 37 అంగుళాల దగ్గర ఉంటుంది. నంబరు తగ్గేకొద్దీ అర అంగుళం పెరుగుతుంది, పెరిగేకొద్దీ అర అంగుళం తగ్గుతుంది. పైగా ఈ ‘స్టాండర్డ్’ అన్ని కంపెనీలకీ ఒకటి కాదు, పావు అంగుళం అటూ ఇటూ ఉంటుంది. గ్రాఫైట్ షాఫ్ట్ అయితే చాలా సెట్లలో అర అంగుళం ఎక్కువే. మీ బావమరిది 7 ఐరన్ 38 అంగుళాలన్నమాట. అంటే దాదాపు మామూలు 5 ఐరన్ పొడవు. దాన్ని మీరు పట్టుకుంటే ముందు భాగం, అంటే టో, గాల్లోకి లేస్తుంది, హీల్, అంటే షాఫ్ట్ వైపు ఉండే భాగం, నేలని గీరుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్లకి బంతి ఎడమకి పోతుంది. మీరేమో స్వింగ్‌లో లోపం ఉందనుకుంటారు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. నేను గోల్ఫ్ మొదలుపెట్టిన కొత్తలో ఒక షాపులో సగం ధరకు వస్తోందని కొలత చూడకుండా ఒక సెట్టు కొన్నాను. రెండేళ్లు బంతి ఎడమకే పోయింది. అది సరిచేసుకోవడానికి ఎనిమిది పాఠాలకి డబ్బు కట్టాను. చివరికి ఒక పెద్దాయన నా 7 ఐరన్ తిరగేసి చూపించాడు. సోల్, అంటే అడుగు భాగం, మీద గీతలన్నీ హీల్ వైపే ఉన్నాయి, టో వైపు కొత్తదానిలా మెరుస్తోంది. లోపం నా చేతుల్లో లేదు, ఇనుములో ఉంది. ఆ పాఠాల డబ్బు కలుపుకుంటే సగం ధర సెట్టు కాస్తా పూర్తి ధర సెట్టు కన్నా ఖరీదైంది.

‘ఎక్కువ పొడవుంటే కోయించేస్తే పోలేదా’ అని మీ ఆవిడ అడగొచ్చు. మంచి ప్రశ్నే. కోయడం తేలికే, గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే తొడుగు, ఉండే వైపు నుంచి కోస్తారు. ఆ తర్వాత గ్రిప్ కొత్తది వేయాలి. మా దగ్గర ఒక చిన్న షాపులో క్లబ్బుకి గ్రిప్‌తో కలిపి 15 డాలర్లు తీసుకుంటారు. ఏడు క్లబ్బులకి 105 అవుతుంది. మీ ఎత్తుకి స్టాండర్డ్ కన్నా అర అంగుళం తక్కువ కావాలనుకుందాం. అంటే మీ బావమరిది సెట్టులో అంగుళంన్నర కోయాలి.

ఇక్కడ రెండు తిరకాసులు. ఒకటి స్వింగ్ వెయిట్. అంటే ఊపినప్పుడు చేతికి తెలిసే తల బరువు. దీన్ని అక్షరం, అంకె కలిపి చెబుతారు, సి9 తర్వాత డి0 వస్తుంది. మగవాళ్ల ఐరన్లకి డి0 నుంచి డి2 మధ్య ఉండడం మామూలు. అర అంగుళానికి దాదాపు మూడు పాయింట్లు మారుతుంది. అతనిది అంగుళం పెంచినప్పుడు తల బరువు తగ్గించకపోతే డి8 దగ్గర ఉండి ఉంటుంది. అంగుళంన్నర కోస్తే తొమ్మిది పాయింట్లు దిగి సి9 అవుతుంది. పాయింటుకి రెండు గ్రాముల చొప్పున తల వెనక సీసం టేపు అంటిస్తే ఇది సర్దుకుంటుంది. దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

అసలు చిక్కు రెండోది, లై యాంగిల్, అంటే షాఫ్ట్ నేలతో చేసే కోణం. పొడవు తగ్గించినప్పుడు టో కొంచెం కిందికి దిగుతుంది నిజమే. కానీ మీ ఎత్తువాళ్లకి మామూలుగా స్టాండర్డ్ కన్నా ఒకటి రెండు డిగ్రీలు ఫ్లాట్‌గా, అంటే నేలకి ఇంకాస్త వాలుగా, కావాల్సి వస్తుంది. అతనిది రెండు డిగ్రీలు అప్‌రైట్. ఆ తేడా మూడు నాలుగు డిగ్రీలు. ఫోర్జ్‌డ్ ఐరన్, అంటే మెత్తటి ఉక్కుని సాగగొట్టి చేసినదైతే, పనితెలిసినవాడు వంచగలడు. పోతపోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే రెండు డిగ్రీలు దాటి వంచడం రిస్కే, మెడ దగ్గర విరిగే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు అతని సెట్టు ఏ రకమో కనుక్కోండి. పోతపోసిందైతే 300కి కాదు, ఉచితంగా ఇచ్చినా వద్దు.

నిజానికి ఎత్తు ఒక్కటే చూసి పొడవు నిర్ణయించకూడదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి చేతులు పొడవు, ఒకరికి పొట్టి. అందుకే బూట్లు వేసుకుని, చేతులు వదులుగా వేలాడేసి, మణికట్టు మీద ముడత నుంచి నేల దాకా కొలుస్తారు. ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు, టేపు మీ ఆవిడ పట్టుకోవాలి. మీరే వంగి చూస్తే కొలత తప్పుతుంది. ఆ కొలతతో చార్టు చూస్తే మొదటి అంచనా దొరుకుతుంది. ఫిట్టర్ ఆ అంచనాతో మొదలుపెట్టి, మీరు కొడుతుంటే బంతి క్లబ్బు మొహం మీద ఎక్కడ తగులుతోంది, సోల్ మీద గుర్తు ఎక్కడ పడుతోంది అన్నది చూసి మారుస్తాడు. మీ 100 డాలర్లు దీనికే. కొలతలన్నీ కాగితం మీద రాసివ్వమని ముందే అడగండి. అక్కడే సెట్టు కొంటే ఆ ఫీజు తగ్గిస్తారా అని కూడా.

అన్నీ ఒకే పొడవు ఉండే సెట్లు కూడా అమ్ముతున్నారు. బ్రైసన్ డిషాంబో అనే ఆటగాడు అన్ని ఐరన్లూ 37.5 అంగుళాలే వాడి 2020 యూఎస్ ఓపెన్ గెలిచాడు. షాపులో ఆ కథ చెబితే విని నవ్వేసి వచ్చేయండి. మీ సమస్య అది కాదు.

ఇక ఆ ‘వడ్డీ లేదు’ మాట. అగ్రిమెంటులో డిఫర్డ్ ఇంట్రెస్ట్ అని ఉందేమో చూడండి. ఉంటే 12 నెలల్లో చివరి డాలరు దాకా తీర్చాలి. లేదంటే కొన్న రోజు నుంచి వడ్డీ మొత్తం ఒకేసారి వేస్తారు. 1,200కి మీ ఊళ్లో 8.25 శాతం అమ్మకం పన్ను కలిపితే 1,299. నెలకు 40 చొప్పున కడుతూ పోయారనుకోండి, ఏడాది చివర 800 పైన బాకీ మిగులుతుంది, దానికి తోడు 320 డాలర్లకు పైనే వడ్డీ వచ్చి పడుతుంది. ఇప్పటికే కార్డుకి నెలకు 46 డాలర్లు వడ్డీ కడుతున్న మీరు ఇంకో అప్పు తలకెత్తుకోవడం నాకు నచ్చలేదు.

దానికన్నా నన్ను కలవరపెట్టింది ఆ 401(కే) లెక్క. ఇంకో 2 శాతం వేస్తే కంపెనీ ఏడాదికి 2,200 డాలర్లు కలుపుతుంది. రెండు కొత్త సెట్ల కన్నా కాస్త తక్కువ, అంతే. మీరది వదిలేసి సెట్టు ధర గురించి ఆలోచిస్తున్నారు. ఈ వారమే 5 శాతానికి మార్చండి. పన్ను ఆదా పోగా, చేతికొచ్చే జీతం నెలకు 160 దాకా తగ్గుతుంది, 340 మిగులుతుంది. అందులో ఒక రౌండుకి, అంటే ఒక ఆటకి, 60 తీసి, 280 కార్డుకి కట్టండి. తొమ్మిది నెలల్లో బాకీ దాదాపు తీరిపోతుంది. నెలకు రెండు రౌండ్లంటే ఏడాదికి 1,440, సెట్టు ధర కన్నా ఎక్కువ. అందుకే అప్పటి దాకా ఒకటి చాలు.

కార్డు తీరాక మూడు నెలలు దాచి, ఫిట్టింగ్ కాగితం పట్టుకుని రెండు మూడేళ్ల నాటి ఫోర్జ్‌డ్ సెట్టు వెతకండి. 450కి దొరికితే పన్నుతో 487. కోయించి గ్రిప్పులు వేయించడానికి 105, లై సరిచేయడానికి 35, ఫిట్టింగ్ 100. మొత్తం 730 లోపు. కొత్తదే కావాలంటే, చాలా కంపెనీలు ఆర్డరు పెట్టేటప్పుడే అర అంగుళం తక్కువగా చేసివ్వడానికి అదనంగా అడగవు. కానీ అప్పుడు కూడా నగదుతోనే కొనండి. సెట్టు అయ్యాక మిగిలేదంతా అత్యవసర నిధికే పోవాలి. హెచ్‌1బీలో ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఇంటి లీజు, టికెట్లు, సామాను, పిల్లల బడి అన్నీ ఆ రెండు నెలల డబ్బులోంచే రావాలంటే కష్టం. ఆరు నెలల ఖర్చులకి చేరేదాకా గోల్ఫ్ బ్యాగులోకి ఇంకేమీ చేర్చకండి.

బావమరిది మనసు నొచ్చుకోకుండా ఏం చెప్పాలంటారా? అతని 7 ఐరన్ ఒక్కటి రెండు వారాలకి అడిగి తెచ్చుకోండి. బంతి వెనక వైట్‌బోర్డు మార్కరుతో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్బుకి ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టండి. క్లబ్బు మొహం మీద ఆ గీత అచ్చు పడుతుంది. గీత పైభాగం టో వైపు వాలితే ఆ క్లబ్బు మీకు అప్‌రైట్ ఎక్కువైందని అర్థం. ఒక పది బంతులు కొట్టి, ఫొటో తీసి అతనికే పంపండి. గోల్ఫ్ ఆడేవాడే కాబట్టి మీరు చెప్పకుండానే అర్థం చేసుకుంటాడు. మీ ఆవిడకి అతనే చెబుతాడు. క్లబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ గీత తుడిచి ఇవ్వండి.